సైదమ్మ కుట్టిన సంచులు

2022 ఆగస్టు. సూర్యాపేటలో ఒక మందుల షాపు పైన నా ల్యాబ్. నేను పెథాలజిస్టును. రోగిని చూసి కాదు, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కనో నీళ్లనో చూసి జబ్బు పేరు చెప్పే డాక్టర్ని. మా వృత్తిలో ఒక సౌకర్యం ఉంది. రోగి ముఖం చూడనక్కర్లేదు. సీసా వస్తుంది. దాని మీద పేరు, వయసు, పంపిన డాక్టరుగారి అనుమానం రాసి ఉంటాయి. రిపోర్టు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆ మనిషి బతికిందీ పోయిందీ చాలాసార్లు మాకు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ సౌకర్యంలోనే బతికాను.

ఆ రోజు వచ్చిన సీసా మీద సైదమ్మ, యాభై ఎనిమిదేళ్లు, నేరేడుచర్ల, టీబీ అనుమానం అని ఉంది. మా వైపు వీధికొక సైదులో సైదమ్మో ఉంటారు కాబట్టి ఆ పేరు నాకు ప్రత్యేకంగా అనిపించలేదు. సీసాలో ఉన్నది ప్లూరల్ ఫ్లూయిడ్. ఊపిరితిత్తి చుట్టూ రెండు పలచని పొరలుంటాయి. వాటి మధ్య నీరు చేరితే సూదితో లాగి మాకు పంపుతారు. మేము దాన్ని మిషన్లో గిరగిరా తిప్పి, అడుక్కు దిగిన మడ్డిని గాజుపలక మీద పూసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెడతాం.

ఆ పొరలను లోపలి వైపు ఒక వరస కణాలు కప్పి ఉంటాయి, నాపరాళ్లు పరిచినట్టు. మెసోథీలియల్ కణాలంటాం. వీటితో మాకెప్పుడూ తలనొప్పే. టీబీ వచ్చినా, గుండె నీరసించినా ఇవి ఉబ్బి, గుంపులు కట్టి, అచ్చం క్యాన్సర్ లాగా కనబడి బెదిరిస్తాయి. ఏవి ఉత్తగా బెదిరిస్తున్నాయి, ఏవి నిజంగా చెడిపోయాయి అని తేల్చడమే మా పని.

సైదమ్మ పలక మీద గుంపులు పెద్దవిగా ఉన్నాయి. సీతాఫలం పైతొక్కలాగా బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. కొన్ని కణాల్లో న్యూక్లియస్ ఉండాల్సిన దానికంటే చాలా పెద్దది. నా చెయ్యి ఆగిపోయింది. ఇది టీబీ కాదేమో అనిపించింది.

అనిపించినా నేను రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది కోదాడ నుంచి ఒక పెద్దాయన నీళ్లు వచ్చాయి. ఇలాగే గుంపులు చూసి, క్యాన్సర్ అనుమానం అని రాశాను. వాళ్లు హైదరాబాదు పోయి పరీక్షలన్నీ చేయిస్తే టీబీ అని తేలింది. ఆయన కొడుకు మా మెట్లెక్కి వచ్చి నలుగురి ముందు నిలబెట్టి అడిగాడు.

"ఏంటండీ డాక్టరు గారూ, మా నాన్నను బతికుండగానే పాడె ఎక్కించారు కదండీ! మా అమ్మ అన్నం మానేసిందండీ మీ కాగితం చూసి."

ఆ తర్వాత కోదాడ నుంచి సీసాలు రావడం తగ్గిపోయింది. అప్పట్నుంచి ఆ ఒక్క మాట రాయాల్సి వస్తే నా కలం ముందుకు పోయేది కాదు.

సైదమ్మను చూస్తున్న ఛాతీ డాక్టరు నాకు తమ్ముడిలాంటివాడు. ఫోన్ చేశాను. అతను నవ్వాడు.

"ఏముంటదన్నా, టీబీయే. ఏడీఏ కూడా ఎక్కువే వచ్చింది. మందులు మొదలువెట్టిన."

ఏడీఏ అంటే టీబీ నీళ్లలో సాధారణంగా పెరిగే ఒక ఎంజైము. వేరే జబ్బుల్లో కూడా అది పెరగవచ్చని నాకు తెలుసు. అతనికీ తెలుసు. కానీ మా ప్రాంతంలో ఛాతీలో నీరంటే ముందు టీబీ అనడం, తర్వాత కూడా టీబీ అనడం అలవాటు. సెల్ బ్లాక్ చేయాలి, అంటే ఆ మడ్డిని మైనంలో గడ్డకట్టించి సన్నని పొరలుగా కోసి చూడాలి, లేదా పొర ముక్క తీయించాలి అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. అది రాయకుండా, "వాపు వల్ల మారిన మెసోథీలియల్ కణాలు, టీబీకి అనుగుణంగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నం భోజనం కూడా మామూలుగానే చేశాను.

మళ్లీ ఆ పేరు చూసింది ఫిబ్రవరిలో. ఈసారి సీసా అటెండరు చేతిలో రాలేదు. ముప్పై ఆరేడేళ్ల మనిషి, అంగన్‌వాడీ టీచర్ల చీర కట్టుకుని, సీసాను కొంగులో పట్టుకుని వచ్చింది. సైదమ్మ కూతురు నాగమణి.

"మా అమ్మ నీళ్లు మొదాలు సూసింది మీరేనంట గద సారు."

"అవునమ్మా."

"ఆర్నెల్లు టీబీ మందులు మింగింది. కామెర్లయినయ్. అన్నం జూస్తే కక్కుతది. నీళ్లు తీస్తరు, మళ్ల నిండుతయ్. జర మంచిగ సూడుండ్రి సారు. ఆమె ఇగ బొక్కలే మిగిలింది."

ఆమెను కింద మందుల షాపు దగ్గర కూర్చోబెట్టి, బీరువాలోంచి ఆగస్టు నాటి పలక తీశాను. కొత్తదాని కంటే ముందు పాతదే చూశాను. అవే గుంపులు. అప్పుడూ ఇంత స్పష్టంగానే ఉన్నాయి. మైక్రోస్కోపు లోంచి తల ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎత్తితే కింద కూర్చున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలి.

కొత్త మడ్డితో సెల్ బ్లాక్ చేసి, ప్రత్యేకమైన రంగుల పరీక్షలకు హైదరాబాదు పంపాను. పొర ముక్క తీయించమని నా తమ్ముడిలాంటి డాక్టరుకు గట్టిగా చెప్పాను. పది పదిహేను రోజుల్లో జవాబు వచ్చింది. మెసోథీలియోమా. ఊపిరితిత్తి పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్. అంతవరకు నేను పుస్తకాల్లో తప్ప చూడలేదు. దీని వెనక దాదాపు ఎప్పుడూ ఒకే వస్తువు ఉంటుంది, ఆస్బెస్టాస్. రాతి నుంచి వచ్చే నార. సిమెంటు రేకుల్లో కలుపుతారు, వేడి తట్టుకోవడానికి బాయిలర్ల చుట్టూ చుడతారు. అది పీల్చాక జబ్బు బయటపడడానికి ముప్పై నలభై ఏళ్లు పడుతుంది.

నేరేడుచర్లలో ఉండే ఆడమనిషికి అది ఎక్కడిది? ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు. రోగి ఇంటికి నేను అంతవరకు ఎన్నడూ పోలేదు. ఆ ఆదివారం పోయాను.

నాగమణి ఇల్లు వీధి చివర, ముందు రేకుల వసారా. సైదమ్మ వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. మాట మాటకూ ఆగుతుంది, కానీ ఎగతాళి పోలేదు.

"సీసలల్ల సూసే డాక్టరంట గద. ఇప్పుడు మనుషుల్ని గూడ సూస్తున్నరా సారు?"

నవ్వలేకపోయాను. మొదట భర్త గురించి అడిగాను. సైదులు మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ, బస్తాలు మోసేవాడు, ఎనిమిదేళ్ల కింద గుండె ఆగి పోయాడు. ఆ తర్వాతే ఆమె ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చింది. బాయిలర్ దగ్గర చేశాడా అంటే లేదంది. ఇంటి దగ్గర రేకులు కోసే పని జరిగిందా, ఫ్యాక్టరీ ఉండేదా అంటే అదీ లేదు.

"మరి నువ్వేం పని చేసేదానివమ్మా?"

"నాకు పనేంది సారు? నేను బయటికి పోయిందే లేదు. ఇంట్లనే ఉన్న."

సరేనని లేవబోయాను. నా తప్పు రెండోసారి కూడా పూర్తయ్యేదే. ఆమె కాళ్ల కింద మెత్తగా ఉండాలని ఒక గోనె పట్టా పరిచి ఉంది. దానికి అక్కడక్కడ అతుకులు. కుట్లు దగ్గర దగ్గరగా, చీమల బారులాగా ఉన్నాయి. ఊరికే మాట కోసం, "ఎవరు కుట్టారమ్మా, ఎంత బాగుంది," అన్నాను.

సైదమ్మ ముఖం వెలిగింది. "నేనే సారు. నా చేతి కుట్టు ఊడదు. పెండ్లయి మిర్యాలగూడ పోయినంక పదేండ్లు గివే కుట్టిన. సంచుల సేటు మోపులు మోపులు ఇంటికే పంపేటోడు. మా వాడల ఆడోళ్లమందరం వాకిట్ల కూసుండి దబ్బనం వట్టేది. చినిగిన సంచులు అతుకేసి కుడితే మళ్ల మిల్లులకు అమ్ముకునేటోడు."

"పని చేయలేదన్నావు కదమ్మా?"

"గది పనా సారు?" ఆమెకు నిజంగానే ఆశ్చర్యం. "ఇంట్ల కూసుండి కుట్టుడే గద."

మా దగ్గర అంతే. గడప దాటి పోతేనే పని. వాకిట్లో చేసేది ఎంత చేసినా, ఎన్నేళ్లు చేసినా, అది ఖాళీగా ఉండకుండా ఏదో చేసినట్టే. ఆమె అబద్ధం చెప్పలేదు. నేనే అడగడం చేతకాక లేచాను.

మళ్లీ కూర్చున్నాను. "ఏం సంచులమ్మా అవి?"

"అన్ని తీర్లయి. వడ్లయి, పిండియి, చక్కరయి. కొన్ని రేకుల కంపెనీయని హమాలోళ్లు అనేటోళ్లు. గవి మస్తు మందం. లోపల తెల్లటి నూగుండేది. ఎండల దులిపితే మెరిసేది సారు, పట్టులెక్క. ముందు గోడకేసి కొట్టి దులిపితెనే దబ్బనం దిగేది. మా ఒళ్లంత తెల్లగయ్యేది. ఒకల్నొకలు జూసి, ముసలిదైనవే వదినె అని నవ్వుకునేటోళ్లం."

నాగమణి గుమ్మంలో నిలబడి వింటోంది. సైదమ్మ ఆమె వైపు చేయి చూపి, ఎంతో ప్రేమగా అంది:

"దీనికి ఉయ్యాల గూడ గా రేకుల సంచితోనే కట్టిన. అదయితే తెగదు. నేను పక్కపొంటి దులుపుతుంటే ఇది మంచిగ పండుకునేది. ఏడ్సేదే గాదు."

నాగమణి నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆ తిప్పుకోవడంలోనే ఆమెకు సగం అర్థమైపోయింది.

ఆ తెల్లటి నూగు ఆస్బెస్టాస్ నారే. అది ఒంట్లో ఏం చేస్తుందో ఇక్కడ చెప్పాలి. ఆ వసారాలో కూర్చుని నేను మనసులో చూస్తున్నది అదే.

మామూలు దుమ్ము పీలిస్తే చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, కళ్లెతో బయటికొస్తుంది. ఆస్బెస్టాస్ నార కంటికి కనబడనంత సన్నం. ఊపిరితో పాటు చిట్టచివరి గాలిగదుల దాకా పోతుంది, కొంత అక్కడి నుంచి పక్క పొరలోకి చేరుతుంది. మన ఒంట్లో మాక్రోఫేజ్‌లని కాపలా కణాలున్నాయి. బయటి నుంచి వచ్చినదాన్ని మింగి అరిగించడం వాటి పని. ఒక కాపలా కణం ఈ నారను పట్టుకుంటుంది. కానీ నార ఆ కణం కంటే పొడుగు. సగం లోపలికి పోతుంది, సగం బయటే ఉంటుంది. కక్కలేదు, మింగలేదు. అరిగించడానికి దాచుకున్న ఘాటైన రసాయనాలు ఆ తెరుచుకున్న నోట్లోంచి బయటికి ఒలికి చుట్టుపక్కల కణాలను కాల్చుతాయి. కాపలా కణం చస్తుంది. నార చావదు. ఇంకో కాపలా కణం వస్తుంది. మళ్లీ అదే.

రాతి పుట్టుక కదా, కరగదు. గాజు ఉన్ని పోగులు కూడా పీల్చకూడదు, కానీ అవి చాలావరకు ఒంట్లో మెల్లగా కరిగి, విరిగిపోతాయి. పొడుగ్గా, సన్నగా ఉండి కరగనిదే అన్నిటికంటే చెడ్డది. కొన్ని రకాల నారలో ఇనుము ఉంటుంది. అది కణం లోపలి జన్యుపదార్థాన్ని తుప్పు పట్టించినట్టు దెబ్బతీస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములు మగ్గం మీది పోగుల్లాగా అటూ ఇటూ సర్దుకోవాలి. ఆ సమయంలో నార అడ్డం పడితే పోగులు చిక్కుపడతాయి, తెగుతాయి. పెరుగుదలను అదుపులో పెట్టే జన్యువులు పోతాయి. చుట్టూ మంట ఆరదు, చావాల్సిన కణాలు చావకుండా మిగులుతాయి. ఇదంతా నొప్పి లేకుండా జరుగుతుంది. మనిషి పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, మనవల్ని ఎత్తుకుంటుంది. లోపల అది ఆగదు.

వసారాలో నాగమణి అంది. "గా ఉయ్యాల సంచి ఇంక ఉన్నది సారు. అటక మీద. అమ్మ పారేయనియ్యలే."

నేను వద్దనేలోపే ఆమె నిచ్చెన ఎక్కి ఒక మోపు కిందికి లాగి వాకిట్లోకి తెచ్చింది. మడతపెట్టిన పాత గోనె, దానిలో అతుకులకని దాచుకున్న ముక్కలు. అలవాటు చొప్పున దుమ్ము దులపడానికి రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది.

"దులపకు!"

అని అరిచాను. ఆమె బొమ్మలా నిలబడిపోయింది. నాలుగేళ్ల ఆమె కూతురు అక్కడే మట్టిలో ఆడుకుంటోంది. పాపను వీధిలోకి పంపించి, ఇంటి తలుపు వేయించి, ముక్కులకు తడి గుడ్డ కట్టుకుని, ఆ మోపు మీద చెంబులతో నీళ్లు పోశాం. తడిస్తే పైకి లేవదు. యూరియా సంచి ప్లాస్టిక్ పొరలో రెండు వరసలు చుట్టి మూతి బిగించాం. ఎవరికి అప్పగించాలో కనుక్కుందామని మర్నాడు ఆఫీసులకు ఫోన్లు చేశాను. ఒకరు ఇంకొకరిని అడగమన్నారు. చివరికి ఎవరూ తవ్వని చోట లోతుగా పాతిపెట్టించాను. అది సరైన పద్ధతి అవునో కాదో నాకిప్పటికీ సందేహమే.

నీళ్లు పోస్తుంటే పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. "ఏంది మణీ, గోనెసంచికి తానం జేపిస్తున్నవా?"

ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె గొంతు మారింది. విషయం విని పైకి చూసింది. "మరి మా ఇంటి రేకులో సారు? మా ఊరంత గివే గద."

సిమెంటులో గట్టిగా పట్టి ఉన్నంతకాలం ప్రమాదం తక్కువని, వాటిని కోయకూడదని, పగలగొట్టకూడదని, రుద్ది కడగకూడదని చెప్పాను. ఆమె తలూపింది కానీ కళ్లు రేకుల మీదే ఉండిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు నాగమణి షేర్ ఆటో దాకా వచ్చింది. అక్కడ చెప్పాను. ఆగస్టులోనే నాకు అనుమానం వచ్చిందని, రాయలేదని. చెప్పొద్దని నా తమ్ముడిలాంటి డాక్టరు ముందు రోజే అన్నాడు. "ఎందుకన్నా? అప్పుడు తెలిసినా మనం బతికిస్తుంటిమా?" అతని మాటలో నిజముంది. ఈ జబ్బుకు పెద్దగా మందు లేదు. కానీ ఆమె తినగలిగిన ఆరు నెలలు అక్కర్లేని మందులతో కక్కుకుంటూ గడిచాయి. ఆ నెలలు పోయింది నా వల్ల.

నాగమణి ఏడవలేదు, తిట్టలేదు.

"మా అమ్మ సంగతి అయిపోయింది సారు. నాకు వస్తదా?"

ఏం కాదమ్మా, భయపడకు అనే మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎంత తేలిక మాట! అది ఆగస్టులో రాసిన వాక్యం లాంటిదే. రోడ్డు మీద నిలబడి దాన్ని మింగడానికి కష్టపడ్డాను.

"తెలియదమ్మా. ఆ దుమ్ము పీల్చినవాళ్లలో చాలామందికి రాదు. కొందరికి వస్తుంది. ఎవరికొస్తుందో ముందే చెప్పే పరీక్ష లేదు. ఆయాసం గానీ, ఛాతీలో నొప్పి గానీ, నీరు గానీ వస్తే ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాట ఆ సంచుల గురించే చెప్పు. వాళ్లు అడగరు. నువ్వే చెప్పాలి."

"నా బిడ్డకు?"

"మోపు ఇన్నాళ్లూ కదపకుండా అటక మీదే ఉంటే ప్రమాదం చాలా తక్కువ. అసలు లేదని మాత్రం అనలేను."

ఆమె చూపు నా మీంచి తీయలేదు. "మా అమ్మతోని కుట్టినోళ్లు మిర్యాలగూడల ఇంక ఉన్నరు," అని మాత్రం అంది.

తర్వాతి నెలలో ఇద్దరం పోయాం. ఆ వాడలో ముగ్గురు దొరికారు. ఒకామె, "గిప్పుడొచ్చి చెప్తున్నవా సారు, నలభై ఏండ్లకు?" అంది. ఒకామె తనకేం కాలేదని చేతులు ఊపి చూపించింది. మూడో ఆమె తన చెల్లెలు కూడా ఛాతీల నీళ్లొచ్చి, టీబీ మందులు తిని తిని పోయిందని చెప్పింది. ఆ నీళ్లు ఏ ల్యాబ్‌కు వచ్చాయో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సైదమ్మ ఆ వానాకాలం చూడలేదు. చివరి రోజుల్లో ఊపిరి అందడానికి, నొప్పి తగ్గడానికి చేయగలిగినవి చేశాం. అంతకు మించి ఏమీ చేయలేకపోయాం.

ఇప్పుడు ఛాతీ నీళ్లు వస్తే నేను ఫోన్ చేయించి రోగితోనే మాట్లాడతాను. ఆడవాళ్లను ఏం పని చేస్తావని అడగను. పొద్దున లేచి చేతులతో ఏమేం ముట్టుకున్నావు, పెళ్లికి ముందు ఏం చేశావు, తర్వాత వాకిట్లో ఏం చేశావు అని అడుగుతాను. అనుమానం వస్తే అనుమానమనే రాస్తాను. తప్పయితే తిట్లు తింటాను.

నాగమణి దగ్గు వచ్చినప్పుడల్లా ఎక్స్‌రే తీయించుకుంటుంది. డాక్టరు చూశాక నాకు కూడా చూపిస్తుంది. పోయిన చలికాలం వచ్చినప్పుడు ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "ఇప్పటికైతే ఏమీ కనబడలేదమ్మా," అన్నాను.

"ఎప్పుడొచ్చినా ఇప్పటికి, ఇప్పటికి అంటవేంది సారు? ఒక్కసారన్న ఏం లేదు పో అనరాదా?"

"అనలేనమ్మా."

"మా అమ్మప్పుడు టీబీయే అన్నవ్ గద, సంతకం బెట్టి," అని ఫిల్మును కవర్లో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె వచ్చిన ప్రతిసారీ నాకు భయమేస్తుంది. సైదమ్మ రిపోర్టు రాసిన రోజు కూడా నేను భయపడే రాశాను. అప్పుడు నా పేరు ఏమవుతుందోనని భయపడ్డాను. సీసాలోని నీళ్లు ఎవరివో ఆ మనిషి గురించి భయపడి ఉంటే ఆ ఒక్క వాక్యం రాసేవాణ్ణి.